మూడున్నర అంగుళాలు

బౌలింగ్ హాలు వెనక, గోడకు ఆనుకుని ఉన్న చిన్న గది. బంతులకు బెజ్జాలు వేసే మిషను ముందు అత్తగారు, చేతిలో సంచితో గుమ్మంలో కోడలు.

"చెయ్యనన్నానా? చెయ్యనని ఎప్పుడన్నాను? సంచి అక్కడ పెట్టు అన్నాను, అంతే."

"అక్కడ పెట్టు, అక్కడ పెట్టు అని పొద్దుట్నుంచి మూడుసార్లు అన్నారు అత్తయ్యా. పెడితే మీరు తియ్యరు. ఆ సంచిని మీరు చూసే చూపు నాకు తెలుసు."

"నా కళ్ళు, నా చూపు. నీకెందుకే? గుమ్మంలో నిలబడకు, వెలుతురుకి అడ్డం."

"పన్నెండు కావస్తోంది. పాత బెజ్జాలు పూడ్చే మందు గట్టిపడటానికి ఆరు గంటలు. ఇప్పుడు పోస్తే ఆరింటికి కొత్తవి వెయ్యొచ్చు. రేపు పొద్దున్న పదింటికి ఆట. ఇంకో గంట ఇలాగే పోతే..."

"నాకే నేర్పుతున్నావా? మీ మామగారు ఈ మిషను బిగించిననాటికి నువ్వు పుట్టావో లేదో. ఊరంతా నన్ను బెజ్జాలమ్మ అంటారు. ఊరికే అంటారా?"

"అందుకేగా మీ దగ్గరికి వచ్చింది."

"వేరే బంతి తీసుకో. అదిగో, బల్ల కింద ఎర్రది. కొత్తది. నీ వేళ్ళకి కొలిచి గంటలో ఇచ్చేస్తాను. పూడ్చక్కర్లేదు, మందు కలపక్కర్లేదు."

"ఆ ఎర్రది నున్నటి ప్లాస్టిక్కు. పుట్టినరోజులకి వచ్చే చిన్నపిల్లలకి ఇచ్చే రకం. రేపు బంతి దొర్లే లేన్ మీద నూనె ఎంతుంటుందో తెలుసా మీకు?"

"ఎంతుంటే ఏం?"

"లేన్లకి నూనె పూసే బాబాయిని అడిగాను. అరవై అడుగుల లేన్‌లో నలభై అయిదు అడుగుల దాకా నూనేనట. ఆ ఎర్రది వేశానంటే తడిసిన సబ్బుబిళ్ళలా తిన్నగా పోయి, వెనక గోడకి దణ్ణం పెట్టి వస్తుంది. మలుపన్నదే తిరగదు."

"ఆ బాబాయి మాటకేం. నాలుగు చుక్కలు చల్లి నలభై అడుగులంటాడు."

"ఈసారి యజమాని పక్కనే నిలబడి పోయిస్తాడట. చివరి పదిహేను అడుగులే పొడి. బంతి ఆ పదిహేనులోనే మలుపు తిరిగి పిన్నుల్లో దూరాలి. దానికి, నేలని గోళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకునే బంతి కావాలి. అలాంటిది ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది. ఈ సంచిలో ఉంది."

"ఇంకోటి తెప్పిద్దాం."

"తెప్పించడానికి పదిహేను రోజులు. నాకున్నది ఒక్కరోజు."

"గెలవకపోతే కొంపలేం మునిగిపోవులే."

"మునుగుతాయి. మునుగుతాయని మీకూ తెలుసు, తెలియనట్టు మాట్లాడతారు. నేను పనిచేసే బూట్ల కౌంటరు ఈ నెలతో ఎత్తేస్తున్నారు. రేపు ఆడవాళ్ళ ఆటలో మొదటొచ్చిన మనిషికి ట్రైనరు ఉద్యోగం, పైన మేడ మీద రెండు గదులు. రాకపోతే ఎల్లుండి సాయంత్రం రైలు. మా అన్నయ్య టికెట్లు కూడా పంపేశాడు, నాకూ చిన్నదానికీ."

"పంపుతాడు. ఏడాదిన్నరగా ఒక్కసారి వచ్చి చూసినవాడు కాదు, టికెట్లు మాత్రం పంపుతాడు."

"మందుల కంపెనీలో పెట్టెలు కట్టే పని చూశాడు. ఆ మాత్రం చూసినవాళ్ళు ఇంకెవరున్నారు నాకు?"

"చిన్నదాన్ని ఇక్కడ వదిలి వెళ్ళు."

"ఎలా వదులుతాను అత్తయ్యా?"

"ఎలా తీసుకెళ్తావు మరి? పద్దెనిమిది గంటల ప్రయాణం. రైల్లో నిద్రపోదది. నా పక్కన పడుకుంటే తప్ప కన్ను మూయదు. నా చెవి పట్టుకుని పడుకుంటుంది, తెలుసా నీకు? చెవి ఎర్రగా కందిపోతుంది పొద్దున్నకి."

"తెలుసు."

"తెలిసే తీసుకెళ్తానంటున్నావు."

"తీసుకెళ్ళకుండా ఉండటానికేగా ఇదంతా! మీ ఎదురుగా నిలబడి గంటసేపట్నుంచి అడుక్కుంటున్నది ఎందుకనుకున్నారు?"

"అరవకు. గోడకి అవతల ఆడుతున్నారు."

"అరవట్లేదు."

"అరుస్తున్నావు. సరే. సంచి సంగతి తర్వాత. చెయ్యి ఇటివ్వు, కొలవనీ. వేళ్ళు చాపు. ఇంకా. ఇదేమిటే, ఐసుగడ్డల్లా ఉన్నాయి?"

"భయం."

"భయపడితే కడుపులో పడు, వేళ్ళల్లోకి రానివ్వకు. చల్లబడితే వేళ్ళు సన్నబడతాయి, నా కొలత తప్పుతుంది. రుద్దుకో. ఊఁ, ఇప్పుడు బొటనవేలు. నువ్వు ఆడే బంతి తెచ్చావా? తుడిచెయ్యలేదు కదా?"

"తుడవలేదు. పొద్దున్న నాలుగుసార్లు వేసి, నూనెతో పాటు అలాగే తెచ్చాను, ఇదిగో గుమ్మం పక్కనే ఉంది."

"అది తెలివి. ఇదిగో, నూనె చార చూడు, బంతికి గాజు తొడిగినట్టు. ఈ చారని బట్టి లెక్కేస్తే, ఇదిగో ఇక్కడ, నీ ఇరుసు. బండి చక్రానికి ఇరుసెలాగో నువ్వు విసిరిన బంతికి ఇది అలాగ. మనిషికో ఇరుసు. కవలపిల్లలకి కూడా కలవదు."

"ఆయనది ఎక్కడుండేది?"

"వాడిది ఇంకో అంగుళం పైకి. మణికట్టు తిప్పేవాడు కదా. ఎందుకిప్పుడు?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడగకు."

"సరే, ఊరికే కానిది అడుగుతాను. ఎంత పెడతారు నాకు?"

"ఏమిటి ఎంత?"

"తెలియనట్టు మాట్లాడొద్దు అత్తయ్యా. బంతి లోపల బరువు ముద్ద ఉంటుంది, దాని నెత్తికి గుర్తుగా పైన రంగుచుక్క ఉంటుంది. ఆ చుక్కకీ నా ఇరుసుకీ మధ్య ఎంత దూరం పెట్టి బెజ్జాలు వేస్తారు?"

"ఆరంగుళాలు."

"ఆరా?"

"ఆరు."

"నలభై అయిదు అడుగుల నూనె అని చెప్పాక కూడా ఆరా? మీరే కదా నాకు నేర్పింది, పెళ్ళయిన కొత్తలో, ఈ బల్ల దగ్గరే! చుక్క ఇరుసుకి మూడున్నర అంగుళాల్లో ఉంటే లోపలి ముద్దకి కుదురుండదు, బంతి పడబోయే బొంగరంలా తూలుతుంది, తూలినప్పుడల్లా నూనె అంటని కొత్త చోటు నేలకి తగులుతుంది, అందుకని నూనెలోనైనా పట్టు దొరుకుతుందన్నారు. ఆరు పెడితే ముద్ద బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది, బంతి ఒకే చార మీద దొర్లి, ఆ చార నిండా నూనె పూసుకుని జారిపోతుందన్నారు. అన్నారా లేదా?"

"అన్నాను. పొడి లేన్ మీద ఆరే మంచిదని కూడా అన్నాను."

"రేపటిది పొడి కాదు!"

"పొద్దున్న కాదు. మధ్యాహ్నానికి అవుతుంది. నలభైమంది ఆడతారు. పడ్డ ప్రతి బంతీ కాస్త కాస్త నూనె ఎత్తుకుపోతుంది. ఆరిపోయిన చోట నీ మూడున్నర బంతి ఏం చేస్తుందో తెలుసా? సగం దారిలోనే పిచ్చెత్తినట్టు తిరుగుతుంది. పిన్నుల దాకా వచ్చేసరికి ఊపిరి అయిపోయి..."

"అత్తయ్యా."

"ఊపిరి అయిపోయి..."

"కూర్చోండి. మంచినీళ్ళు తెస్తాను."

"నాకేం అక్కర్లేదు. నిలబడే ఉంటాను."

"ఏడాదిన్నరగా మీరు ఎవ్వరికీ మూడున్నర వెయ్యలేదు. పొడి లేనైనా ఆరే, నూనె లేనైనా ఆరే. బెజ్జాలమ్మ బంతులు సన్యాసం పుచ్చుకున్నాయని హాల్లో నవ్వుకుంటున్నారు."

"నవ్వనీ. నవ్వితే పళ్ళు రాలతాయా?"

"ఇద్దరు వేరే ఊరు వెళ్ళి వేయించుకొచ్చారు."

"వేయించుకోనీ. నా చెయ్యి వణుకుతోంది ఈమధ్య. దగ్గర కొలతలు కుదరవు నాకు."

"నా వేళ్ళు ఇందాక వెంట్రుకవాసి తేడా రాకుండా కొలిచారు. చెయ్యి వణకలేదు."

"నీకేం కావాలే? నా నోటితో అనిపించాలా? అయితే విను. వాడు అడిగాడు. అటు ఊరి అవతల హాల్లో ఆట, ముందురోజు నువ్వు నిలబడ్డ చోటే నిలబడి అడిగాడు. 'అమ్మా, అక్కడ నూనె త్వరగా ఆరిపోతుందట, ఆరు పెట్టవే' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? నిన్నగాక మొన్న లాగు తొడుక్కోవడం నేర్చుకున్నావు, నాకు చెప్పేవాడివయ్యావా అన్నాను. మూడున్నర వేశాను. చేతిలో పెట్టాను. మారుమాట లేకుండా సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. ముఖం కూడా సరిగ్గా చూళ్ళేదు నేను. మిషను తుడుచుకుంటున్నాను."

"తెలుసు అత్తయ్యా."

"ఏం తెలుసు నీకు? మర్నాడు మొదటి రౌండులోనే చిత్తుగా పోయింది. బెంచీని తన్ని, బంతిని తిట్టుకుంటూ బయటికొచ్చి మోటారుసైకిలెక్కాడట. చూసినవాళ్ళు నలుగురు చెప్పారు. కోపంతో నడిపాడు. వాణ్ణి గుద్దిన లారీ వాడు కూడా అదే చెప్పాడు, చాలా వేగంగా వచ్చాడని. ఆ కోపం ఎవరి మీద? చెప్పు. ఎవరి మీద కోపం?"

"మీ మీద కాదు."

"నువ్వు చూశావా? అక్కడున్నావా? ఇంట్లో ఉన్నావుగా."

"ఇంట్లోనే ఉన్నాను."

"మరి? నన్ను ఊరుకోబెట్టడానికి అంటావు. అందరూ అదే అంటారు. నీ తప్పేం లేదమ్మా, విధి అమ్మా. విధికి డ్రిల్లు మిషను లేదే. నాకుంది."

గోడకు అవతల పిన్నులు కుప్పగా కూలిన చప్పుడు, వెనకే చప్పట్లు.

"అందుకని నేను ఓడిపోవాలా?"

"ఓడిపోవాలని ఎవరన్నారు? మెల్లగా ఆడు. ఆరు పెడతాను, జాగ్రత్తగా వేసుకో. మూడోదో నాలుగోదో రా."

"మూడోదానికి గదులివ్వరు."

"మూడున్నర మటుకు వెయ్యను. నా చేత్తో ఒకసారి వేశాను, చాలు. రేపు నువ్వూ అలాగే బెంచీని తన్ని బయటికి పోతే? సాయంత్రం చిన్నది వచ్చి అమ్మేదీ అంటే దానికేం చెప్పను నేను?"

"ఎల్లుండి రైలెక్కితే రోజూ అడగదా, నాన్నమ్మేదీ అని? దానికి నేనేం చెప్పను?"

"రైలెక్కితే బతికుంటారుగా ఇద్దరూ."

"అదేం మాటత్తయ్యా!"

"అదే మాట. దూరంగా ఉన్నా ఉంటారు. నెలకో ఉత్తరం రాస్తారు. రాయకపోయినా ఉన్నారని తెలుస్తుంది నాకు."

"మీరు ఉండగలరా? నా ముఖం చూసి చెప్పండి. చిన్నది లేకుండా, నేను లేకుండా, ఈ గదిలో ఉండగలరా?"

"వేళ్ళు మళ్ళీ చల్లబడ్డాయి నీకు. రుద్దుకో."

"ఉండలేరు. నేనూ ఉండలేను. నాకు అమ్మ లేదు. ఆ పెట్టెలు కట్టే ఊళ్ళో మా వదిన మొదటి వారం కాఫీ ఇస్తుంది, రెండో వారం గిన్నెలు ఇస్తుంది. మీరైతే మొదటిరోజే గిన్నెలిచ్చారు, కానీ పక్కన కూర్చుని తోమారు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను అత్తయ్యా. మూడున్నర వెయ్యండి."

"లే. ముందు లే. నేలంతా రజను, చీర పాడవుతుంది. లే అంటుంటే!"

"సంచి తెరుస్తారా? ఒక్కసారి తీసి చూడండి. చూశాక కూడా వద్దంటే ఇంక అడగను. ఇంట్లో అటక మీద ఏడాదిన్నర ఉంది. నేనైనా తియ్యలేదు. ఇవాళే దించాను."

"దాన్లో ఏముంది చూడటానికి? నేను వేసిన బెజ్జాలే కదా."

"అందుకే. మీ పని మీరు చూసుకోండి."

"జిప్పు పట్టేసింది."

"ఇలా ఇవ్వండి."

"వద్దు, నేను తీస్తాను. ఊఁ. ఎంత బరువే తల్లీ. వాడు ఒంటిచేత్తో ఎత్తేవాడు."

"పద్నాలుగు పౌన్లు."

"తెలుసు. ఇదిగో ఈ బొటనవేలు బెజ్జం, దీన్ని మూడుసార్లు గీకాల్సి వచ్చింది. కణుపు దగ్గర లావు వాడికి, వాళ్ళ నాన్న పోలిక. నా వేళ్ళు రెండు దూరతాయి చూడు. దీన్ని పూడ్చెయ్యమంటున్నావు నువ్వు. వాడి వేలు ఎంతుండేదో ఇంక ఎక్కడా ఉండదు."

"అత్తయ్యా, అటు కాదు. దీపం కిందికి పెట్టి చూడండి."

"చూస్తున్నా. ఏమిటే ఇది?"

"ఏమిటి?"

"నూనె చారేదీ?"

"తుడిచారేమో."

"ఎవరు?"

"నేనే... నేనే తుడిచానేమో. గుర్తులేదు."

"నూనె తుడుస్తావు. గీతలు తుడుస్తావా? నేల మీద ఒక్కసారి దొర్లినా సన్నగీతలు పడతాయి. మూడున్నర కొలత బంతికైతే విసనకర్రలా విచ్చుకుని పడతాయి. దీనిమీద ఒక్కటి లేదు."

"ఉప్పుకాగితం పెట్టి..."

"అబద్ధాలాడకు. ఉప్పుకాగితం పెడితే మెరుపు చచ్చిపోతుంది. ఇది కంపెనీ నుంచి వచ్చిన మెరుపు, అద్దంలా ఉంది. ఇదిగో, ఇది చూడు. గీకడం అంతా అయ్యాక బెజ్జం అంచున నేను తెల్ల పెన్సిలుతో పెట్టుకున్న గుర్తు. చెరగనే లేదు. బొటనవేలు ఒక్కసారి దూర్చి తీస్తే పోయే గుర్తు ఇది."

"అత్తయ్యా..."

"ఈ బంతి ఎవరూ వెయ్యలేదు. వాడు దీన్ని వెయ్యలేదు. ఆ రోజు వాడు దేంతో ఆడాడు?"

"పాతదాంతో."

"పాతది ఆరంగుళాలది."

"అవును."

"నేను వేసిచ్చిన బంతి దగ్గరుంచుకుని పాతది ఎందుకు తీసుకెళ్ళాడు? నా మీద కోపంతోనా?"

"ఆయన తీసుకెళ్ళలేదు. ఆయన సంచిలో దీన్నే పెట్టుకున్నారు. రాత్రి పెట్టుకుని పడుకున్నారు. అమ్మ వేసిచ్చింది కదా, దీంతోనే ఆడతాను అన్నారు."

"మరి?"

"తెల్లవారి నేను మార్చాను."

"ఏం మార్చావు?"

"సంచిలోంచి దీన్ని తీసి, పాతది పెట్టాను. ఆరే మంచిదని ఆయన అనుకుంటున్నారు, మీకు ఎదురు చెప్పలేక ఊరుకున్నారు అనుకున్నాను. మీ మాట నెగ్గించుకోవడానికి ఆయన ఆట పాడుచేస్తున్నారని మీమీద ఒళ్ళు మండింది నాకు. ఆయనకి చెబితే వద్దంటారని చెప్పలేదు. మేలు చేస్తున్నాననుకున్నాను."

"మేలు."

"అక్కడ ఆట మొదలయ్యేదాకా ఆయన సంచి తెరవలేదు. తెరిచేసరికి పాతది. లేన్ మీద నూనె పొడుగు. పాతది జారిపోయింది. బెంచీని తన్నింది దాన్ని చూసే. ఆయన తిట్టుకున్నది ఆ పాతదాన్ని, మీరు వేసినదాన్ని కాదు."

"ఏడాదిన్నర."

"అవునత్తయ్యా."

"ఏడాదిన్నరగా నేను రోజూ ఈ మిషను ముందు నిలబడి, ఇదే చంపింది వాణ్ణి, ఇదే చంపింది అనుకుంటుంటే, నువ్వు ఆ గుమ్మంలోంచే టీ తెచ్చిచ్చి వెళ్ళేదానివి."

"అవును."

"ముద్ద గొంతు దిగిందా నీకు?"

"దిగలేదు. చెబుదామని ఎన్నిసార్లో వచ్చాను. వస్తే మీరు చిన్నదానికి జడ వేస్తూనో, నాకు అన్నం తీసిపెట్టి ఎదురుచూస్తూనో ఉండేవారు. చెబితే తలుపేసేస్తారు. నాకు ఇంకో తలుపు లేదు. మీకు కాస్త నెమ్మదించాక చెబుదామనుకున్నాను. మీకు నెమ్మదించలేదు. నాకు ధైర్యం రాలేదు."

"ఇవాళ వచ్చిందా? గదులు కావాల్సొచ్చేసరికి వచ్చిందా?"

"ఈ బంతి మీ చేతిలో పెడితే మీకే తెలిసిపోతుందని తెలుసు. తెలిసే తెచ్చాను. ఇంక మొయ్యలేక తెచ్చాను."

"నా బిడ్డని..."

"అనండి."

"నా బిడ్డ ఆట పాడుచేసి, మోటారుసైకిలెక్కించి..."

"అనండత్తయ్యా. నేను రోజూ అనుకునేవే."

"మరి ఎక్కడికి వెళ్తున్నాడు వాడు? ఆట ఇంకా రెండు రౌండ్లుంది. సగంలో లేచి ఎక్కడికి బయల్దేరాడు? కోపం వచ్చి కాదూ?"

"కోపం లేదు. ఇంటికొస్తున్నారు. దీనికోసం."

"దీనికోసం?"

"రెండో రౌండుకి నలభై నిమిషాలుందని ఫోన్ చేశారు."

"నీకు ఫోన్ చేశాడా! నాకెవరూ చెప్పలేదే."

"ఎవరికీ తెలియదు."

"ఏమన్నాడు?"

"నేను ఏడుస్తూ చెప్పాను, నేనే మార్చానండీ అని. తిడతారనుకున్నాను. నవ్వారు."

"నవ్వాడా?"

"నవ్వారు. 'అమ్మ చెప్పిందే నిజం. ఇక్కడ నూనె చెరువులా ఉంది. అమ్మ బంతి ఉంటే ఈపాటికి అందరికంటే పైనుండేవాణ్ణి' అన్నారు. 'బంతి పట్టుకుని గేటు దగ్గర నిలబడు, దిగను కూడా దిగను, అలాగే అందుకుని వెళ్ళిపోతాను' అన్నారు. 'అమ్మకి మాత్రం చెప్పకు, నీకు నాలుగు పడతాయి, నాకు ఎనిమిది' అన్నారు. గేటు దగ్గర నిలబడ్డాను. ఇదిగో, ఇలా రెండు చేతుల్తో పట్టుకుని. దింపితే ఆయన వచ్చేసరికి ఎత్తడం ఆలస్యమవుతుందేమోనని దింపలేదు. గంటన్నర. పక్కింటావిడ వచ్చి ఆస్పత్రి నుంచి కబురొచ్చిందని చెప్పేదాకా దింపలేదు."

"ఇంకోసారి చెప్పు."

"ఏదత్తయ్యా?"

"వాడన్నది. మొదటిది."

"'అమ్మ చెప్పిందే నిజం' అన్నారు."

"గొంతు ఎలా ఉంది? రొప్పుతున్నాడా?"

"లేదు. హుషారుగా ఉంది. చుట్టూ గోలగా ఉంటే, చెవి మూసుకుని అరిచి చెప్పారు."

"చెవి మూసుకునేవాడు. చిన్నప్పట్నుంచీ అంతే, ఫోన్ పట్టుకుంటే రెండో చెవి మూసేవాడు."

"నేను వెళ్తాను అత్తయ్యా. బంతి ఇక్కడే ఉంచండి, అది మీది. పూడ్చకండి. ఆ వేలి బెజ్జం అలాగే ఉండనివ్వండి. సామాను సర్దుకుంటాను. ఎల్లుండి దాకా చిన్నదాన్ని మీ దగ్గరే పడుకోబెట్టండి, నేను అటు రాను. నా ముఖం చూడక్కర్లేదు మీరు."

"ఆ రెండు సీసాలు ఇటివ్వు."

"ఏ సీసాలు?"

"కిటికీలో ఉన్నవి. పెద్దదీ చిన్నదీ. ఒంటిగంట అయింది అప్పుడే, ఇంక ఏడింటికి గానీ గట్టిపడదు."

"మందా? ఎందుకత్తయ్యా? వద్దు, నేను రేపు ఆడను. ఏ ముఖం పెట్టుకుని ఆడతాను?"

"కలుపు. సమంగా కలుపు, బుడగలు రాకూడదు. చెయ్యి వణుకుతోంది నాకు, ఈసారి నిజంగానే. నువ్వు పొయ్యి. ముందు వేళ్ళ బెజ్జాలు రెండూ. బొటనవేలిది ఆఖర్న, నేను చెప్పాక."

"నా వల్ల కాదు."

"అవుతుంది. గంటన్నర మోసిన చేతులేగా. మూడున్నర వేస్తాను సాయంత్రం. పొద్దున్న మొదటి రెండు రౌండ్లలోనే అందర్నీ దాటెయ్యాలి, మధ్యాహ్నం నూనె ఆరాక నీ పాతది తీసుకో. వింటున్నావా?"

"నన్ను క్షమించారా అత్తయ్యా?"

"లేదు."

"మరి నన్ను పోనివ్వండి. మీకీ బాధ ఎందుకు, రోజూ నన్ను చూస్తూ?"

"మందు పొయ్యవే, గడ్డకడుతోంది. ఆఖర్న వాడు అన్న మాట నీ ఒక్కదాని చెవిలో పడింది. అది పట్టుకుని నువ్వు రైలెక్కితే, రేపు నేను మళ్ళీ మళ్ళీ ఎవర్ని అడిగి చెప్పించుకోను?"